బైబిల్ దేవుని మాటే అని ఎందుకు నమ్ముతున్నాం? యూత్ కూడికలో వచ్చిన ప్రశ్న

అరండల్‌పేట_సిస్టర్ (గుంటూరు) | ఆదివారం, రాత్రి 9:12

అందరికీ వందనాలు. మా సంఘంలో ఇంటర్, బీటెక్ పిల్లల బైబిల్ స్టడీ నేను చూస్తాను. ఈమధ్య వీళ్లు యూట్యూబ్‌లో డిబేట్లు తెగ చూస్తున్నారు. ఇవాళ ఒకబ్బాయి లేచి, "అక్కా, బైబిల్ దేవుడు రాయించాడని మనకెలా తెలుసు?" అన్నాడు. 2 తిమోతి 3:16 తీసి వాడిచేతే చదివించాను. "దైవావేశము వలన కలిగిన ప్రతి లేఖనము" దాకా చదివి ఆగి, "అంటే బైబిల్‌కి బైబిలే సర్టిఫికెట్ ఇచ్చుకుంటోందా? సుబ్బారావు నిజాయితీపరుడని సుబ్బారావే సంతకం పెడితే బ్యాంకువాళ్లు లోన్ ఇస్తారా?" అన్నాడు. అందరూ నవ్వారు. వాడు మాత్రం నవ్వలేదు, నిజంగానే అడిగాడు.

"నమ్మాలి కాబట్టి నమ్ముతాం" అని కూర్చోబెట్టడం నాకిష్టం లేదు. నమ్మేవాళ్లు ఎందుకు నమ్ముతున్నారో, నమ్మనివాళ్లకు ఏది అడ్డొస్తోందో చెప్పండి. దయచేసి ఫార్వర్డ్ మెసేజ్‌లు వద్దు.

విజయవాడ_విశ్వాసి | ఆదివారం, రాత్రి 9:31

ప్రైజ్ ద లార్డ్ సిస్టర్. 66 పుస్తకాలు. సుమారు 40 మంది రచయితలు. దాదాపు 1500 సంవత్సరాలు. దావీదు రాజు, ఆమోసు పశువుల కాపరి, పేతురు జాలరి, లూకా వైద్యుడు. అయినా ఒకటే సందేశం! మీకా 5:2లో బేత్లెహేము అని ముందే ఉంది. యెషయా 53 చదివితే సిలువ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. మనుషుల వల్ల అయ్యే పనేనా? అబ్బాయితో ప్రార్థన చేయించండి, అనుమానపు ఆత్మ తొలగిపోతుంది.

పటమట_నాస్తికుడు (విజయవాడ) | ఆదివారం, రాత్రి 10:05

ఫార్వర్డ్ వద్దంటే మొదటి రిప్లయే అది :)

సిస్టర్ గారూ, మీ స్టూడెంట్ మంచి ప్రశ్న వేశాడు. నేను నమ్మనివాణ్ణి. మా ఇల్లు గోరా గారి నాస్తిక కేంద్రానికి దగ్గర్లోనే, చిన్నప్పటి నుంచి ఇవే చర్చలు. నాకు అడ్డొచ్చేవి చెప్తాను.

"ఒకటే సందేశం" అన్నారు. కుదిరే పుస్తకాలను ఏరి ఒక దగ్గర పెట్టాక కుదిరాయని ఆశ్చర్యపోవడం ఏమిటి? ప్రవచనాల సంగతీ అంతే. సువార్త రాసినవాళ్లు మీకా, యెషయా చదివినవాళ్లే.

ఇక లెక్కలు. యెహోయాకీను రాజైనప్పుడు వయసు 2 రాజులు 24:8లో 18 ఏళ్లు, 2 దినవృత్తాంతములు 36:9లో 8 ఏళ్లు. దావీదు జనాభా లెక్క 2 సమూయేలు 24లో ఇశ్రాయేలు 8 లక్షలు, యూదా 5 లక్షలు. 1 దినవృత్తాంతములు 21లో 11 లక్షలు, 4 లక్షల 70 వేలు. పైగా ఆ లెక్క వేయమని దావీదును ప్రేరేపించింది ఒకచోట యెహోవా, ఇంకోచోట సాతాను. ఇవన్నీ దేవుడే చెప్పి రాయించి ఉంటే ఎందుకిలా ఉంటాయి?

విజయవాడ_విశ్వాసి | ఆదివారం, రాత్రి 10:11

బ్రదర్, అక్షరం చంపును, ఆత్మ జీవింపచేయును. మీ కోసం ప్రార్థిస్తున్నాను.

పటమట_నాస్తికుడు | ఆదివారం, రాత్రి 10:13

థాంక్స్ అండి. యెహోయాకీను వయసు కోసం కూడా ప్రార్థించండి.

మోడరేటర్ | సోమవారం, ఉదయం 7:20

రాత్రి వచ్చిన పోస్టుల్లో రెండు తీసేశాం. మతమార్పిళ్ల గొడవకు వేరే థ్రెడ్ ఉంది, అక్కడికి వెళ్లండి.

లూథరన్_అయ్యగారు (గుంటూరు) | సోమవారం, ఉదయం 10:48

అమ్మా, నేను రిటైరైన పాస్టర్ని. మావైపు అందరూ అయ్యగారు అంటారు కాబట్టి ఆ పేరే పెట్టుకున్నాను. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ దొర గుంటూరులో దిగి పని మొదలుపెట్టిన దగ్గర్నుంచి మా కుటుంబాలన్నీ ఈ పుస్తకం చుట్టూనే తిరిగాయి. నేను నమ్ముతాను. అయితే పటమట బాబు చూపించిన తేడాలు కూడా ఉన్నాయి. యెహోయాకీను దగ్గర నకలు రాసినవాడి పొరపాటు అని చాలామంది పండితులు అంటారు, అది ఒప్పుకోదగిన మాటే. మిగతావన్నీ అంత తేలిగ్గా తేలవు.

అసలు చిక్కు, దైవప్రేరణ అనగానే మన మనసులో వచ్చే బొమ్మతోనే మొదలవుతుంది. దేవుడు చెప్తూ ఉంటే మనిషి రాసుకున్నాడు అనుకుంటాం. బైబిల్ తన గురించి అలా చెప్పుకున్న చోట్లు తక్కువ. లూకా 1:1-4 చూడండి. కళ్లారా చూసినవాళ్లు అందించిన సంగతులను మొదటినుంచి తరచి తెలుసుకుని వరుసగా రాస్తున్నానంటాడు. స్వప్నం వచ్చిందనలేదు, దేవదూత చెప్పాడనలేదు. అడిగి తెలుసుకుని రాశాడు.

1 కొరింథీ 1:14-16 ఇంకా బాగుంటుంది. పౌలు కోపంగా ఉన్నాడు. క్రిస్పుకు, గాయియుకు తప్ప మీలో ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదంటాడు. రెండు వాక్యాలు దాటగానే, ఆ, స్తెఫను ఇంటివాళ్లకి కూడా ఇచ్చాను, ఇంకెవరికైనా ఇచ్చానేమో నాకు తెలియదు అంటాడు. దేవుడు మర్చిపోతాడా? మర్చిపోయింది పౌలు. ఆ మరపు కూడా లేఖనంలోనే ఉంది. ఏడో అధ్యాయంలో పెళ్లిళ్ల గురించి రాస్తూ ఒకచోట "ఇది నా మాట కాదు, ప్రభువు ఆజ్ఞ" అంటాడు, రెండు వచనాలు పోగానే "ఇది ప్రభువు చెప్పింది కాదు, నేను చెప్తున్నాను" అంటాడు. ఆ తేడా దాచకుండా రాశాడు.

పరిశుద్ధాత్మ ప్రేరణ మనిషిని పక్కకు తోసేయలేదు. వాడి జ్ఞాపకం, కోపం, భాష, చదువు అన్నిటితో కలిపి వాడుకుంది. నా నమ్మకం ఇది. ఈ సంగతి పిల్లలకు ముందే చెప్తే యూట్యూబ్‌లో తేడాల జాబితా చూసి కంగారుపడరు.

మంగళగిరి_మూర్తి | సోమవారం, మధ్యాహ్నం 1:15

అయ్యగారికి నమస్కారం. నేను క్రైస్తవుణ్ణి కాదు, ఆసక్తితో చదువుతున్నాను. మా ఇంట్లో వేదం అపౌరుషేయం అంటారు, దానికి కర్త లేడు, రుషులు ద్రష్టలు మాత్రమే. నా కొలీగ్ ముస్లిం, ఖురాన్ జిబ్రయీల్ ద్వారా మాట మాటా దిగి వచ్చిందంటాడు. ఆ రెండూ నాకు అర్థమవుతాయి. మీరేమో రాసినవాడు మర్చిపోయాడంటున్నారు, అది దేవుని వాక్యమే అనీ అంటున్నారు. మర్చిపోయినవాడి మాటకు ఆ స్థాయి ఎలా వచ్చింది?

లూథరన్_అయ్యగారు | సోమవారం, మధ్యాహ్నం 3:02

మూర్తి గారూ, సూటిగా అడిగారు. మా విశ్వాసంలో దేవుడు పంపింది ముందుగా పుస్తకం కాదు, మనిషి. వాక్యము శరీరధారియాయెను అని యోహాను 1:14. ఆ యేసే ప్రయాణంతో అలసిపోయి సుఖారు ఊరి బావి దగ్గర కూర్చుని నీళ్లు అడిగాడు. దేవుడు అలసటతో సహా మనిషయ్యాడని నమ్మినవాడికి, దేవుని మాట మరపుతో సహా మనిషి చేతిరాతలో వచ్చిందంటే వింతగా అనిపించదు. ఆ మొదటిది నమ్మనివారికి రెండోది పొసగదు, అది నేను ఒప్పుకుంటాను.

గుణదల_మేరీ (విజయవాడ) | సోమవారం, సాయంత్రం 6:40

అయ్యగారు బాగా చెప్పారు కానీ ఒక ముక్క వదిలేశారు :) ఆ పుస్తకాలు లేఖనం అని చెప్పింది ఎవరు? బైబిల్ విషయసూచిక ఆకాశం నుంచి పడలేదు కదా. ఇప్పుడున్న 27 కొత్త నిబంధన పుస్తకాలు సరిగ్గా అవే కనిపించే పాత జాబితా అలెగ్జాండ్రియా బిషప్ అథనాసియస్ 367లో రాసిన ఈస్టర్ లేఖలో ఉంది. అంతకుముందు హెబ్రీ పత్రిక, ప్రకటన, 2 పేతురు గురించి చోటుకో అభిప్రాయం. సంఘం చదువుతూ, వాడుతూ, గుర్తుపడుతూ వచ్చింది. కాథలిక్ తిరుసభ అధికారం కదిలించకపోతే సువార్తనే నమ్మేవాణ్ణి కాదని అగస్టీన్ అంతటివాడు రాశాడు. కాబట్టి సిస్టర్ గారూ, సుబ్బారావుకి సంతకం పెట్టడానికి సాక్షి ఉన్నాడు. ఆ సాక్షి తిరుసభ.

ఇంకోటి, విశ్వాసి బ్రదర్ 66 అన్నారు. మా కాథలిక్కులకు 73.

విజయవాడ_విశ్వాసి | సోమవారం, సాయంత్రం 6:52

ఆ ఏడు పుస్తకాలు మనుషులు కలిపినవి సిస్టర్.

గుణదల_మేరీ | సోమవారం, సాయంత్రం 6:55

తొలగించినవాళ్లు మనుషులు కాదా బ్రదర్?

లూథరన్_అయ్యగారు | సోమవారం, సాయంత్రం 7:30

మేరీ గారు గెలిచేలా ఉన్నారు. మా లూథర్ గారే 1522లో కొత్త నిబంధన ముందుమాటలో యాకోబు పత్రికను గడ్డి పత్రిక అన్నాడు. అయినా తన బైబిల్లోంచి తీసేయలేదు, తన అభిప్రాయం కంటే సంఘం చదువుకున్నదానికి విలువ ఇచ్చాడు. అయితే అమ్మా, సంఘం ఆ పుస్తకాలను గుర్తుపట్టింది అంటాను, వాటికి అధికారం ఇచ్చింది అనను. ఇక్కడ మీకూ మాకూ 500 ఏళ్లుగా తేలలేదు, ఈ థ్రెడ్‌లో తేలేది కాదు.

బ్రాడీపేట_ఫోర్త్‌లైన్ | సోమవారం, రాత్రి 9:20

నికయ బిషప్పుల సభలో 325లో చక్రవర్తి ఓటు పెట్టి పుస్తకాలు ఎంపిక చేశాడని కూడా పిల్లలు అడుగుతారు, రెడీగా ఉండండి. అది తప్పు. నికయలో చర్చ క్రీస్తు దైవత్వం గురించి, పుస్తకాల జాబితా గురించి కాదు.

ప్రతుల సంగతి నాకు ఇష్టమైన సబ్జెక్ట్, కొంచెం ఎక్కువ రాస్తాను, తిట్టుకోకండి. 1947లో మృత సముద్రం దగ్గర కుమ్రాను గుహల్లో చుట్టలు దొరకడం మొదలైంది. అందులో యెషయా చుట్ట దాదాపు పూర్తిగా ఉంది, క్రీ.పూ. రెండో శతాబ్దం నాటిది. అప్పటిదాకా మన చేతిలో ఉన్న పూర్తి హీబ్రూ ప్రతులు క్రీ.శ. 10, 11 శతాబ్దాలవి. అంటే ఒక్కసారిగా వెయ్యేళ్లు వెనక్కి వెళ్లి సరిచూసుకునే వీలు దొరికింది. అక్షరక్రమంలో, కొన్ని మాటల్లో తేడాలున్నాయి, పుస్తకం మాత్రం అదే. పాస్టర్లు ఇక్కడిదాకా చెప్తారు.

చెప్పనిది ఇది. అదే కుమ్రానులో యిర్మీయా ముక్కలు కొన్ని, గ్రీకు అనువాదంలో ఉన్న పొట్టి యిర్మీయాకు దగ్గరగా ఉన్నాయి. గ్రీకు యిర్మీయా మనం చదివేదానికంటే సుమారు ఎనిమిదో వంతు తక్కువ ఉంటుంది, అధ్యాయాల వరస కూడా వేరు. అంటే యేసు కాలానికి ఆ పుస్తకం రెండు రూపాల్లో తిరుగుతోంది. మార్కు 16:9-20, అంటే పాములను ఎత్తిపట్టుకోవడం ఉన్న భాగం, నాలుగో శతాబ్దపు వాటికన్, సైనాయి ప్రతుల్లో లేదు. యోహాను 8లో వ్యభిచారమందు పట్టబడిన స్త్రీ కథ కూడా వాటిలో లేదు. ఈమధ్య వచ్చిన అనువాదాలు చాలావాటిలో ఆ చోట కింద గమనిక ఉంటుంది.

వీటివల్ల నా నమ్మకం పోలేదు. ఏది తర్వాత చేరిందో గుర్తుపట్టగలిగేన్ని ప్రతులు ఉన్నాయి కాబట్టే ఈ సంగతులు తెలిశాయి. కానీ "ఒక్క పొల్లు మారలేదు" అని స్టేజీల మీద అరవడం మానేయాలి.

విజయవాడ_విశ్వాసి | సోమవారం, రాత్రి 9:41

పురావస్తు తవ్వకాలు కూడా చెప్పండి బ్రదర్. దావీదు వంశం పేరున్న రాయి దొరికింది. పిలాతు పేరున్న రాయి దొరికింది.

బ్రాడీపేట_ఫోర్త్‌లైన్ | సోమవారం, రాత్రి 9:50

దొరికాయి. తేల్ దాన్ రాయి 1993లో, కైసరయలో పిలాతు శాసనం 1961లో. యెహోయాకీను కూడా పాపం ఉత్త పేరు కాదు, బబులోనులో అతనికి ఇచ్చిన నూనె రేషన్ లెక్కల పలకలు దొరికాయి. అలాగే యెరికోలో 1950ల్లో కాథ్లీన్ కెన్యన్ తవ్వితే, కూలిన గోడలు యెహోషువ కాలానికి చాలా ముందువని తేలింది. దానిమీద వాదన ఇంకా ఉంది. ఒకటి చెప్పి ఇంకోటి దాస్తే పిల్లలు పట్టేస్తారు.

పటమట_నాస్తికుడు | సోమవారం, రాత్రి 10:15

ఫోర్త్‌లైన్ గారి నిజాయితీకి నమస్కారం. కానీ తవ్వకాలతో దైవప్రేరణ ఎలా రుజువవుతుంది? అమరావతి మీకు దగ్గరే. స్తూపం దొరికింది, జాతక కథల శిల్పాలు దొరికాయి. కాబట్టి బుద్ధుడు పూర్వజన్మల్లో ఏనుగై పుట్టాడని మీరు ఒప్పుకుంటారా? రాజు పేరు నిజమైతే ఆ రాజు ఉన్నాడని తేలుతుంది, అంతే.

లూథరన్_అయ్యగారు | మంగళవారం, ఉదయం 6:30

ఒప్పుకుంటాను బాబూ. అమరావతి మాట నేను వాడుకుంటాను, మీ పేరు చెప్పే వాడుకుంటాను.

తెనాలి_నర్సు | మంగళవారం, మధ్యాహ్నం 2:10

మీరంతా పెద్ద పెద్ద విషయాలు మాట్లాడుతున్నారు. నా బాధ వేరు. మా వార్డుకి షుగర్ 500 దాటి, కాలు కుళ్లి వస్తారు. ఇన్సులిన్ ఎందుకు ఆపారమ్మా అంటే, ఫలానా ప్రార్థనలో యెషయా 53:5 చూపించి, "అతడు పొందిన దెబ్బలచేత మనకు స్వస్థత కలుగుచున్నది" అంటే మందు వేసుకోవడం అవిశ్వాసం అన్నారట. నేనూ విశ్వాసినే. బైబిల్ దేవుని మాట అని నమ్మడం వల్లే కదా వీళ్లు ఇలా అయింది? ఆ నమ్మకం తక్కువుంటే కాలు మిగిలేది.

లూథరన్_అయ్యగారు | మంగళవారం, సాయంత్రం 4:45

అమ్మా, ఈ థ్రెడ్‌లో అసలైన ప్రశ్న మీదే.

మత్తయి 4 తీయండి. సాతాను యేసును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, కిందికి దూకు, దూతలు నిన్ను ఎత్తిపట్టుకుంటారు అంటాడు. అది వాడి సొంత మాట కాదు, 91వ కీర్తన. అక్షరాలా లేఖనం. యేసు "ఆ కీర్తన దేవునిది కాదు" అనలేదు. నీ దేవుడైన ప్రభువును శోధింపవద్దు అని ఇంకో లేఖనంతో ఆపాడు. అంటే వాక్యం ప్రేరేపితమైనా దాన్ని ఎత్తి చూపించినవాడు ప్రేరేపితుడు కానక్కర్లేదు. మనవాళ్లు ఈ రెంటినీ కలిపేసి, పాస్టర్‌ను ప్రశ్నిస్తే దేవుణ్ణి ప్రశ్నించినట్టే అని భయపెట్టారు.

సిస్టర్ చూపించిన 2 తిమోతిలోనే 4:20లో పౌలు, త్రోఫిము రోగియైతే మిలేతులో విడిచి వచ్చానంటాడు. అంత స్వస్థతలు చేసిన పౌలు! 1 తిమోతి 5:23లో తిమోతి కడుపు జబ్బుకు ద్రాక్షారసం కొంచెం పుచ్చుకోమంటాడు. ఆ కాలానికి అది మందే. ప్రతి లేఖనమూ దైవావేశం వల్ల కలిగిందని నమ్మేవాడు త్రోఫిము వాక్యం కూడా నమ్మాలి కదా. ఇన్సులిన్ ఆపించినవాడు లేఖనాన్ని ఎక్కువ నమ్మినవాడు కాదు, తనకు కావలసిన ఒక్క వచనాన్ని నమ్మినవాడు.

జనవరి ఒకటిన మనం తీసుకునే వాగ్దాన కార్డులూ అంతే. యిర్మీయా 29:11, "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు", ఎన్ని ఇళ్లలో గోడ మీద ఉందో. దానిపైన పదో వచనం, బబులోనులో డెబ్బై ఏళ్లు గడిచాక తీసుకొస్తానని ఉంది. విన్నవాళ్లలో చాలామంది అక్కడే చచ్చిపోయి ఉంటారు. ఆ కార్డు మీద పదో వచనం ఎవరూ వేయరు.

తెనాలి_నర్సు | మంగళవారం, సాయంత్రం 5:05

త్రోఫిము వాక్యం రాసి వార్డులో పెట్టుకుంటాను అయ్యగారూ. నిజంగా.

బాపట్ల_రమణి | మంగళవారం, రాత్రి 8:30

ప్రతులు, శాసనాలు నాకు తెలియవు. మా నాయనమ్మది పల్లె. బడి గుమ్మం ఎక్కనివ్వని రోజుల్లో మిషన్ బళ్లో అక్షరాలు నేర్చుకుంది, బైబిల్ చదవడానికే. దేవుడు తన స్వరూపమందు నరుని సృజించెను అన్న మాట చదివి, ఇది మనుషులు రాసింది అయ్యుండదు, మనుషులైతే మమ్మల్ని ఇందులో కలపరు అనేది. నాకు తెలిసిన గట్టి రుజువు అదే.

కానీ ఎఫెసీ 6:5 నాకు మింగుడుపడదు. దాసులారా, భయంతోనూ వణకుతోనూ యజమానులకు లోబడండి అని. అమెరికాలో బానిసల యజమానులు సరిగ్గా ఇలాంటివే చదివించారు. ఆ బానిసలేమో నిర్గమకాండం పట్టుకుని విడుదల పాటలు పాడుకున్నారు. రెండూ ఒకటే పుస్తకం.

లూథరన్_అయ్యగారు | మంగళవారం, రాత్రి 9:10

అమ్మా, ఫిలేమోను పత్రికలో అదే పౌలు, ఒనేసిమును ఇక దాసుడిగా కాక ప్రియ సహోదరుడిగా చేర్చుకోమన్నాడు.

బాపట్ల_రమణి | మంగళవారం, రాత్రి 9:14

చదివాను అయ్యగారూ. "విడిచిపెట్టు" అని ఒక్క ముక్క సూటిగా రాసి ఉంటే ఎంత బాగుండేది.

లూథరన్_అయ్యగారు | మంగళవారం, రాత్రి 9:40

బాగుండేది. దానికి నా దగ్గర మిమ్మల్ని తృప్తిపరిచే జవాబు లేదు.

అరండల్‌పేట_సిస్టర్ | బుధవారం, ఉదయం 11:00

చాలా నేర్చుకుంటున్నాను, కానీ మావాడి సుబ్బారావు ప్రశ్న అలాగే ఉంది. మేరీ గారు తిరుసభ సాక్షి అన్నారు. తిరుసభను నమ్మడానికి మళ్లీ బైబిలే చూపిస్తాం కదా?

బ్రాడీపేట_ఫోర్త్‌లైన్ | బుధవారం, మధ్యాహ్నం 12:25

వరస మారిస్తే చిక్కు తగ్గుతుంది. ఇప్పుడు మనం ముందు దైవప్రేరణ ఒప్పుకుని, దాన్నిబట్టి యేసును నమ్మమంటున్నాం. మొదటి క్రైస్తవుల చేతిలో కొత్త నిబంధన లేదు, అయినా నమ్మారు. సువార్తలను, పౌలు పత్రికలను ముందు మామూలు పాత పత్రాలుగా చదవమనండి. 1 కొరింథీ సుమారు 55లో రాసింది, సిలువకు దాదాపు పాతికేళ్లకే. అందులో 15వ అధ్యాయంలో, నాకు అందిన దానినే మీకు అప్పగించాను అంటూ పునరుత్థాన సాక్షుల పేర్లు చెప్తాడు. కేఫా (అంటే పేతురు), పన్నెండుగురు, ఐదువందల మందికి పైగా, యాకోబు. వాళ్లలో చాలామంది ఇంకా బతికే ఉన్నారంటాడు. అది నమ్మదగ్గదో కాదో తేల్చుకోవాలి. యేసు లేచాడని నమ్మితే, ఆయన పాత నిబంధనను ఎలా చూశాడో మనమూ అలా చూస్తాం. యోహాను 10:35, లేఖనం నిరర్థకం కానేరదు. ఇలా వస్తే గుండ్రంగా తిరగదు.

పటమట_నాస్తికుడు | బుధవారం, మధ్యాహ్నం 1:40

సుబ్బారావు వాదన కంటే ఇది మెరుగే. కానీ ఆ ఐదువందల మందిలో ఒక్కరి వాంగ్మూలం కూడా మన దగ్గర లేదు, ఉన్నారని పౌలు చెప్పాడు. చనిపోయినవాడు లేచాడనడానికి అది నాకు చాలదు. ఏసు అనే మనిషి ఉన్నాడని, శిష్యులు ఏదో చూశామని గట్టిగా నమ్మారని మాత్రం ఒప్పుకుంటాను.

లూథరన్_అయ్యగారు | బుధవారం, సాయంత్రం 5:20

బాబు చెప్పింది న్యాయమే. చరిత్ర కొంతవరకే తీసుకెళ్తుంది. ఆ తర్వాత చదివేవాడి లోపల పరిశుద్ధాత్మ సాక్ష్యమిస్తేనే అది దేవుని మాటగా వినపడుతుందని కాల్విన్ రాశాడు, నేనూ అదే నమ్ముతాను. మిగతా మతాలవాళ్లూ తమ గ్రంథాల గురించి ఇలాగే అంటారు కదా అంటారు మీరు. అంటారు. అందుకే దాన్ని వాదనలో గెలవడానికి వాడను. నేను ఎందుకు నమ్ముతున్నానో అడిగితే మాత్రం దాచను.

గుణదల_మేరీ | బుధవారం, సాయంత్రం 6:15

మా రెండో వాటికన్ సభ 1965లో చెప్పింది కూడా చేర్చండి. మన రక్షణ కోసం దేవుడు తెలియజేయాలనుకున్న సత్యాన్ని లేఖనాలు తప్పు లేకుండా బోధిస్తాయని. యెహోయాకీను వయసు తప్పితే నా రక్షణకు వచ్చిన లోటేమీ లేదు.

బ్రాడీపేట_ఫోర్త్‌లైన్ | బుధవారం, సాయంత్రం 6:30

మా ఎవాంజెలికల్స్‌లో చాలామంది అంతవరకు రారు మేరీ గారూ. 1978 చికాగో ప్రకటన చరిత్ర, విజ్ఞానం విషయాల్లో కూడా తప్పు లేదంటుంది, అది మూలప్రతులకే వర్తిస్తుందంటుంది. ఆ మూలప్రతులు ఇప్పుడు ఎవరి దగ్గరా లేవు. నేను ఆ ప్రకటనకు దగ్గరివాణ్ణే, అయినా అక్కడ కాస్త ఇబ్బంది ఉంది.

అరండల్‌పేట_సిస్టర్ | గురువారం, రాత్రి 8:05

వచ్చే ఆదివారం ఇలా అనుకున్నాను. 2 తిమోతితో మొదలుపెట్టను. లూకా 1, పౌలు మర్చిపోయిన చోటు, తర్వాత 1 కొరింథీ 15. యెహోయాకీను వయసు నేనే ముందు చూపిస్తాను. తర్వాత మత్తయి 4, త్రోఫిము. ఎఫెసీ 6:5 కూడా చదువుతాం, రమణి గారి మాటతోనే. మార్కు 16 సంగతి ఇప్పుడే చెప్పాలా, ఆగాలా?

విజయవాడ_విశ్వాసి | గురువారం, రాత్రి 8:20

వద్దు సిస్టర్. బలహీనులు తొట్రిల్లుతారు. నేను ఊళ్లల్లో తిరుగుతాను, ఒక్క అనుమానం పెడితే కుటుంబాలు కుటుంబాలు వెనక్కి పోతాయి. మీరందరూ చదువుకున్నవాళ్లు, తట్టుకుంటారు.

లూథరన్_అయ్యగారు | గురువారం, రాత్రి 8:55

బ్రదర్ భయం ఉత్తది కాదు. అయినా చెప్పమ్మా. ఆ పిల్లలు ఎలాగూ వింటారు. నీ దగ్గర వింటే అడగడానికి నువ్వుంటావు, ఫోన్లో వింటే ఎవరుంటారు?

అరండల్‌పేట_సిస్టర్ | గురువారం, రాత్రి 9:15

సరే, చెప్తాను. విశ్వాసి బ్రదర్, మీరూ రండి. యెషయా 53 మీకంటే బాగా ఎవరూ చెప్పలేరు. పదిన్నరకి మొదలు. పటమట గారూ, కుర్చీలు ఉన్నాయి, మీకూ వేస్తాం.

పటమట_నాస్తికుడు | గురువారం, రాత్రి 9:22

వస్తే ప్రశ్నలు అడుగుతాను, పర్లేదా?

అరండల్‌పేట_సిస్టర్ | గురువారం, రాత్రి 9:24

మావాడికి తోడు దొరుకుతుంది.

విజయవాడ_విశ్వాసి | గురువారం, రాత్రి 9:37

ఆదివారం పన్నెండింటికి సత్తెనపల్లిలో వాక్యం చెప్పాలి సిస్టర్. దారిలో దిగుతాను, పది నిమిషాలు ఇస్తే చాలు.

గుణదల_మేరీ | గురువారం, రాత్రి 9:40

పాస్టర్ల పది నిమిషాలు ఎంతుంటాయో అందరికీ తెలుసు బ్రదర్. సత్తెనపల్లివాళ్లకి ముందే ఫోన్ చేసి చెప్పండి :)